మొదటి శనివారం లెక్క

నెగోరో చిజురు గారు ఇరవై నాలుగేళ్లు టోక్యోలోని హరజుకులో ఒకే చోట నిలబడ్డారు. నెలకొక రోజు. మొదటి శనివారం, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా. పెద్ద రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందు మొదట్లో ఎప్పుడో మూతపడ్డ గొడుగుల దుకాణం ఉంది. దాని చూరు కింద ఆమె చోటు. మంచు పడి రైళ్లు ఆగిపోయిన ఒక ఫిబ్రవరిలో కూడా ఆమె అక్కడే ఉన్నారు. ఆ రెండు గంటల్లో సందు దాటినవి నూట నలభై జతల బూట్లు. వాటిలో మంచు బూట్లు కాక మామూలుగా నగరంలో వేసుకునేవి తొమ్మిది. ఆ రెండు అంకెలూ కాగితం మీద ఉన్నాయి.

ఆమె పని బట్టలు లెక్కపెట్టడం. మా ఆఫీసు చిన్నది. వీధిలో జనం ఏం తొడుక్కుంటున్నారో చూసి, నెలనెలా పన్నెండు పేజీల పుస్తకం వేసి బట్టల కంపెనీలకు ఇస్తుంది. చివరి ఆరేళ్లు నేను ఆమె పక్కన నిలబడ్డాను.

పద్ధతి ఇది. ఉదయం పదకొండు నుంచి వీధులన్నీ తిరుగుతాం. కొత్తగా ఏం కనిపిస్తోంది, ఏది పెరుగుతోంది అని చూస్తాం. ఒంటిగంటకు మెట్ల మీద కూర్చుని అన్నం ముద్దలు తింటాం. అప్పుడామె కాగితం తీసి ఆ నెల ఏం లెక్కపెట్టాలో ఒక్క వాక్యంలో రాస్తారు. ‘చీలమండ ఎముకను దాటి కిందికి వచ్చే గౌను, చేత్తో ఎత్తి పట్టుకున్నా లెక్కే.’ ఇలా ఉంటుంది ఆ వాక్యం. ఒక్కోసారి దాని కోసం అరగంట పట్టేది. రాశాక నాలుగు గంటల వరకు అందులో అక్షరం మార్చకూడదు. అది ఆమె పెట్టిన నియమం.

రెండింటికి ఇద్దరం నిలబడతాం. చెరొక కౌంటరు. బొటనవేలితో నొక్కితే ఒక అంకె పెరుగుతుంది. దీపస్తంభం నుంచి పోస్టు డబ్బా దాకా నేల మీద ఒక గీత ఉన్నట్టు అనుకోవాలి. ఆ గీత దాటిన ప్రతి ఒక్కరికీ నేను నొక్కుతాను. వాళ్లలో వాక్యానికి సరిపోయినప్పుడు ఆమె నొక్కుతారు.

ఇంకో నియమం మొహాలు చూడకూడదని. మెడపట్టీ నుంచి బూటు దాకానే చూపు.

“మొహం చూశామా, ఇంక బట్ట కనపడదు. అందంగా ఉన్నవాళ్లు ఏం తొడుక్కున్నా ఫ్యాషన్ లాగే ఉంటుంది” అని నా మొదటి శనివారం నాడు చెప్పారు.

నేను రెండు నెలలు కష్టపడ్డాను. మూడో నెలకు మొహాలు మాయమయ్యాయి.

ఆమెది కిర్యూ. మగ్గాల ఊరు. పద్దెనిమిదేళ్లకు టోక్యో వచ్చి ఆడవాళ్ల కోట్లు కుట్టే కంపెనీలో నమూనా కాగితాలు కత్తిరించారు. ఆ కంపెనీ మూతపడ్డాక ఇక్కడ చేరారు. పెళ్లి చేసుకోలేదు. మాచియాలో ట్రాము పట్టాల పక్కన రెండు గదుల ఇంట్లో ఉండేవారు. ఆమె బట్టలు ఎప్పుడూ ఏడెనిమిదేళ్ల పాతవి. చిరిగినవి కావు, కాలం చెల్లినవి. మనం కొత్తది తొడుక్కుంటే మనలాంటి వాళ్లే కళ్లకు కనపడతారు అనేవారు. ఫ్యాషన్ వారాల్లో, కొత్త దుకాణాలు తెరిచే రోజుల్లో మమ్మల్నీ పిలిచేవారు. తలుపు దగ్గరి అమ్మాయిలు ఆమె కోటు చూసి, జాబితాలో పేరు రెండుసార్లు వెతికేవారు. ఆమె ఓపిగ్గా నిలబడేవారు.

తెల్ల కాన్వాసు బూట్లు వందకు తొమ్మిది నుంచి అరవై దాకా పెరగడం, మళ్లీ పడిపోవడం ఆమె కాగితాల్లో ఉంది. మగపిల్లలు ఛాతీకి అడ్డంగా సంచీ తగిలించుకోవడం మొదలైన నెల ఉంది. ఆమెకు ముందే తెలుస్తుందని కంపెనీలవాళ్లు చెప్పుకునేవారు.

“నాకు ముందు ఏమీ తెలీదు. నాలుగింటికి తెలుస్తుంది” అనేవారామె.

మే నెలలో జరిగిందిది.

మిజుహాషి అని చౌక బట్టల కంపెనీ ఉంది. నాలుగు వందల దుకాణాలు. మా పుస్తకం నిలబడిందే వాళ్ల వల్ల. వాళ్లు ఆ ఏడు సగిసాక అనే డిజైనరుతో చేయి కలిపారు. సగిసాకకు ముప్పై ఒకటి. సాకే అనే బియ్యపు సారా అమ్మేవాళ్లు, బియ్యం కొట్లవాళ్లు నడుముకు కట్టుకునే ముతక నీలి ఏప్రన్ ఉంటుంది కదా, అతను దాన్ని ప్యాంటు మీద కట్టుకునే ఫ్యాషన్ బట్టగా మార్చాడు. గురువారం హరజుకులోని కొత్త హాల్లో దాని విడుదల. దానికి ముందు వచ్చే శనివారం మాది.

మా మేనేజరు ఇవాఫునె శుక్రవారం నాడు నెగోరో గారి బల్ల దగ్గరికి వచ్చాడు.

“ఈసారి ఆ ఏప్రన్ లెక్కపెట్టగలరా? వీధిలో అప్పుడే మొదలైందేమో తెలుసుకోవాలని వాళ్ల కోరిక.”

“ఉదయం కనపడితే పెడతాను. కనపడకపోతే పెట్టను.”

“కనపడుతుందిలెండి.”

“అది మీరెలా చెప్తారు?”

ఇవాఫునె నవ్వి వెళ్లిపోయాడు.

ఉదయం తిరిగినప్పుడు రెండు కనపడ్డాయి. ఆమె వాక్యం రాశారు. ‘నడుముకు తాడుతో కట్టి మోకాలి దాకా వేలాడే ముతక గుడ్డ, కింద ప్యాంటు ఉండాలి.’ రెండు నుంచి నాలుగు దాకా నా కౌంటరులో వెయ్యి ఎనిమిది వందల నలభై ఆరు. ఆమె కౌంటరులో పదకొండు. కాగితం మీద గడి ముందే అచ్చయి ఉంటుంది: ‘దాటినవారు … మంది.’ ఖాళీలో ఆమె పదకొండు అని వేశారు. ఆ సాయంత్రమే ఇవాఫునె ఆ అంకెను మిజుహాషి వాళ్లకు పంపాడు.

సోమవారం ఆఫీసుకు వెళ్తూ ఇద్దరం ఉజాకి గారి దుకాణంలో ఆగాం. సాకే, బీరు, సీసాల్లో బార్లీ టీ అమ్ముతారు. ఆయనకు డెబ్భై నాలుగేళ్లు. ఇరవై నాలుగేళ్లుగా ఆమె టీ కొనేది అక్కడే.

“ఏమండీ నెగోరో గారూ, ఇవాళ నేను కనపడుతున్నానా?” అన్నారు ఉజాకి గారు.

“అదేంటి, అలా అడుగుతున్నారు?”

“శనివారం కనపడలేదుగా మరి. ఆరు సార్లు మీ ముక్కు ముందు నుంచే పోయాను. రెండు సార్లు తల వంచాను. మూడోసారి బీరు పెట్టె కింద పెట్టి మరీ వంచాను. మీరేమో నా నడుము వంక చూసి టక్కుమని ఏదో నొక్కారు. నామీద కోపమొచ్చిందేమో అనుకున్నా.”

లోపలి గదిలోంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “మీ నడుము వంక చూసే ఆడమనిషి ఈ ఊళ్లో ఇంకా మిగిలుందా?”

“ఉందట. నీకే లేవు కళ్లు.”

నెగోరో గారు నవ్వలేదు. “ఆరు సార్లా?”

“మూడు సార్లు పోయాను, మూడు సార్లు వచ్చాను. ఆ కొత్త హాలుకు బీరు. అక్కడేదో బట్టల పండగంట, పనివాళ్లు తాగడానికి. వ్యాను సందులోకి రానివ్వలేదు. ఈ వయసులో మోయించారు.”

“అప్పుడు ఏం కట్టుకున్నారు?”

“ఏం కట్టుకుంటాను? నలభై ఏళ్లుగా కట్టుకునేదే.” నడుముకున్న ఏప్రన్ తట్టి చూపించారు. నీలం వెలిసి బూడిదరంగుకు వచ్చింది. సాకే కంపెనీ పేరు తెల్లటి అక్షరాల్లో సగం చెరిగిపోయింది.

ఆమె టీ సీసా బల్ల మీద పెట్టేశారు. ఆ ఆరు సార్లూ నేనూ నొక్కాను. ఆ మనిషిని నేనూ చూడలేదు.

“ఉజాకి గారూ, మిమ్మల్ని ఫ్యాషన్ కింద లెక్కపెట్టేశాను. క్షమించండి.”

“క్షమించడమెందుకు? నలభై ఏళ్లకు నా వంతు వచ్చింది. నాలుగు రోజులన్నా ఉంటుందా, రేపే పోతుందా?”

“ముందు ఆ పెట్టెలు సర్దండి, ఫ్యాషన్ గారూ” అంది లోపలి గొంతు.

బయటికొచ్చాక నేనే మొదలుపెట్టాను. “ఆరు తీసేస్తే ఐదు. ఐదని రాసి పంపుదాం.”

“ఎలా తీస్తాం? వాక్యం ఏం రాశాను? తాడుతో కట్టాలి, మోకాలి దాకా ఉండాలి, కింద ప్యాంటు ఉండాలి. ఆయనకు లేనిదేంటి?”

“అన్నీ ఉన్నాయి.”

“గీత దాటారా?”

“దాటారు.”

“మరి?”

సిగ్నలు దగ్గర ఆగాం. ఆకుపచ్చ వచ్చింది. ఆమె కదల్లేదు.

“మోగామి గారూ, మన కాగితం మీద ఏమని ఉంటుంది?”

“దాటినవారు, ఇంతమంది.”

“మనం మనుషుల్ని లెక్కపెట్టలేదు. దాటడాలు లెక్కపెట్టాం. ఒకడు పదిసార్లు దాటితే పది నొక్కాం. రాసింది మాత్రం మంది అని.”

ఆ మాటే కాగితం మీద ఇరవై నాలుగేళ్లుగా ఉంది. ఫారం చేసింది ఆమే. అది మొదటి ఏడాది, మొదటి నెల. అప్పటి నుంచీ అదే అచ్చు వేయిస్తున్నాం. ఎవరి కళ్లకూ అడ్డు పడలేదు. సిగ్నలు మళ్లీ ఎర్రబడింది.

ఇవాఫునె బల్ల మీద మిజుహాషి వాళ్లు పంపిన బొమ్మ ఉంది. హాలు గోడకు నాలుగు మీటర్ల గుడ్డ. దాని మీద పెద్ద అక్షరాలు: ‘హరజుకులో ఇప్పటికే పదకొండు మంది.’ మిగతా అంతా ఖాళీ. బాగానే ఉంది చూడటానికి.

ఆమె విషయం చెప్పారు. అతను కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఒకసారి రాసింది మార్చకూడదని నియమం పెట్టింది మీరే కదా?”

“అంకె మార్చమనట్లేదు. పదకొండు పదకొండే. పక్కనున్న మాట తప్పు. మంది కాదు, సార్లు.”

“‘ఇప్పటికే పదకొండు సార్లు.’ బాగుంటుందా వినడానికి?”

“బాగుండదు.”

“నెగోరో గారూ, ఈ ఒక్క మాట మారిస్తే ఇక్కడితో ఆగదు. ఈ నెలదితో కలిపి మొత్తం రెండు వందల ఎనభై ఎనిమిది కాగితాలు. అన్నిటి మీదా మంది అనే ఉంది. అన్నీ పుస్తకంలో వేశాం. ఇన్నేళ్లలో ఒక్కరన్నా అడిగారా?”

“అడగలేదు. నేనూ అడగలేదు.”

“మిజుహాషి వాళ్లు పక్కకు తప్పుకుంటే మొదటి శనివారం ఉండదు. అది తెలుసా?”

“తెలుసు.”

“తెలిసే అంటున్నారా?”

“తెలిసే అంటున్నాను.”

అతను బొమ్మను తిరగేసి పెట్టాడు. నేను మీకు వద్దని చెప్పాను, అది గుర్తుంచుకోండి అన్నాడు. చెడ్డవాడు కాదు. ముగ్గురికి జీతం ఆ పుస్తకం మీదే నడుస్తోంది. వాళ్లలో నేనొకణ్ణి.

మంగళవారమంతా ఆమె మామూలుగా పనిచేశారు. బుధవారం నల్ల సూటు వేసుకొచ్చారు. చావుకు వేసుకునేది కాదు, క్షమాపణకు వేసుకునేది. చేతిలో బూడిదరంగు గుడ్డలో కట్టిన యోకాన్ మిఠాయి పెట్టె. మెత్తటి తీపి తిన్న నోటితో మనిషి గట్టిగా తిట్టలేడని దుకాణాలవాళ్ల నమ్మకం. నేనూ బయల్దేరాను.

“మీరెందుకు?” అన్నారామె.

“నొక్కింది ఇద్దరం.”

హాల్లో నిచ్చెనలు, దీపాలు, తీగలు. గుడ్డ అప్పటికే గోడ మీద ఉంది. సగిసాక నేల మీద గొంతుకూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, నిలబడ్డ అమ్మాయి ఏప్రన్ అంచు సరిచేస్తున్నాడు. మిజుహాషి ప్రచారం చూసే ఆవిడ మాకు ఎదురొచ్చింది. నెగోరో గారు వంగి, రెండు చేతులతో పెట్టె అందించి, నాలుగు వాక్యాల్లో చెప్పేశారు. లెక్క దాటడాలది, అందులో ఆరు ఒకే ముసలాయనవి. రాసిన మాట తప్పు. తప్పు నాది. గోడ మీద ఉన్నది నిజం కాదు.

“అంటే ఈ పదకొండులో సగం పైన ఎవరో ఒక ముసలాయనా?” అంది ఆవిడ.

“ఉజాకి గారు. మీ పనివాళ్లకు బీరు తెచ్చింది ఆయనే.”

నిచ్చెన మీది మనిషెవరో ఫక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నాడు.

సగిసాక నోట్లోంచి సూదులు తీశాడు. “మిగతా ఐదు?”

“రెండుంపావుకు ఒకటి. కొత్త గుడ్డ, ఇంకా ఉతకలేదు. రెండున్నరకు రెండు, పక్కపక్కన. తాడు కొసలకు ఎర్రదారం చుట్టి ఉంది. మూడు దాటాక ఒకటి, పాతది, సంతలో కొన్నది కావచ్చు, మిసో కంపెనీ పేరుంది. నాలుగుకు కాస్త ముందు ఒకటి, ఇంట్లో కుట్టుకున్నది. కుట్టు వంకరగా ఉంది.”

“ఒక్క మొహం గుర్తుందా?”

“లేదు.”

అతను ప్రచారం ఆవిడ వంక చూశాడు. ఆవిడ యోకాన్ పెట్టె వంక చూస్తోంది.

“ఎర్రదారం ఇద్దరూ మావాళ్లే. ఉదయం నుంచి తిరగమని మేమే పంపాం” అన్నాడతను.

“సగిసాక గారూ” అంది ఆవిడ.

“ఆవిడ తనంతట తాను వచ్చి తన తప్పు చెప్తోంది. నేను ఊరుకోవాలా?” అని ఇటు తిరిగాడు. “అయితే మా ఇద్దర్నీ, ఆ ముసలాయన్నీ తీసేస్తే ముగ్గురే కదా.”

“ఎవర్నీ తీయలేను. వాళ్లూ కట్టుకున్నారు, దాటారు. ఎవరు పంపారో రాయడానికి నా కాగితంలో గడి లేదు.”

“ఆ ముసలాయన ఏప్రన్ ముడి ఎక్కడ వేస్తారు?”

“ముందు. వ్యానులో కూర్చునేటప్పుడు వదులు చేసుకోవాలిగా.”

సగిసాక లేచి ఆ అమ్మాయి వెనక్కి వెళ్లి ముడి విప్పాడు. ముందుకు తెచ్చి కట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. మళ్లీ విప్పి వెనకే కట్టాడు.

ఆ సాయంత్రం గుడ్డ దించేశారు. గురువారం విడుదల బాగా జరిగింది. మమ్మల్ని పిలవలేదు. సందు చివరిదాకా వరుస నిలబడిందని, ఆదివారానికల్లా ఏప్రన్లు అయిపోయాయని పేపర్లో చదివాను. గోడ మీద ఆ అంకె లేకపోవడం వల్ల ఎవరికీ ఏ లోటూ జరగలేదు.

తర్వాతి వారం మిజుహాషి వాళ్ల దగ్గర్నుంచి మర్యాదగా ఉత్తరం వచ్చింది. జూన్ నుంచి స్టేషను వైపు కెమెరాలతో లెక్క తీసుకుంటామని, ఇన్నేళ్ల శ్రమకు కృతజ్ఞతలని. ఇవాఫునె దాన్ని ఆమెకు చదివి వినిపించాడు. ఆమె వంగి, సరేనన్నారు. పుస్తకాన్ని ఆపేసి, మిగిలిన పనుల్లో మమ్మల్ని సర్దాడు. కాగితాల పెట్టెలు గోదాముకు పంపే ముందు పది రోజులు తన దగ్గర ఉంచమని ఆమె అడిగారు.

“ఇక ఎవరు చూస్తారండీ వాటిని?”

అలా అంటూనే ఇవాఫునె పది రోజులిచ్చాడు.

రాసినదాన్ని సరిదిద్దాలంటే చెరిపేయకూడదు. రెండు అడ్డగీతలు కొట్టాలి, కింది మాట చదవడానికి వీలుండాలి. పైన సరైన మాట రాయాలి. పక్కన మన ముద్ర వెయ్యాలి, దిద్దింది ఎవరో తెలిసేలా. దానికి వేరే ముద్ర ఉంటుంది, పెసరగింజ కన్నా కొంచెం పెద్దది. ఆమె రోజుకు ముప్పై కాగితాలు దిద్దారు. రెండు గీతలు. ‘మంది’ మీద ‘సార్లు’. ‘దాటినవారు’ మీద ‘దాటినది’. ముద్ర. నేను సిరా ఆరనిచ్చి వరుసలో పెట్టేవాణ్ణి.

నాలుగో రోజు అనుకుంటాను, తెల్ల బూట్లు బాగా పెరిగిన ఏడాది కాగితం చేతికొచ్చింది. ఏడు వందల ముప్పై ఒకటి.

“ఆ రోజు నిజంగా ఎంతమందో ఎలాగైనా తెలుస్తుందా?” అన్నాను.

“తెలీదు.”

“సుమారుగా?”

“సుమారు అని రాయడానికి మనం అక్కడ అంతసేపు నిలబడాల్సిన పని లేదు కదా.” ముద్ర వేసి ఇంకో కాగితం తీశారు. “మొహాలు చూడొద్దని చెప్పింది నేనే.”

మంచు పడిన రోజు కాగితం వచ్చినప్పుడు ఆమె కొంచెంసేపు పట్టుకుని చూశారు. నూట నలభై. నడవడానికి దారి లేని రోజు. అటూ ఇటూ తిరిగినవాళ్లే తిరిగారేమో. గీతలు కొట్టారు.

పదో రోజు మధ్యాహ్నానికి చివరిది మిగిలింది, మే నెలది. దాన్ని కూడా అలాగే దిద్దారు. ముద్ర వేశాక కాగితం నాకు ఇవ్వకుండా ఉంచుకున్నారు. అడుగున ఒక ఖాళీ గడి ఉంటుంది, వాన పడిందనో, రోడ్డు తవ్వారనో రాయడానికి. పెన్ను మూత మళ్లీ తీసి, వాక్యం కోసం మెట్ల మీద ఆలోచించినట్టే కొంత ఆలోచించారు. అన్ని పెట్టెల్లోనూ నిజంగా ఎంతమందో రాయగలిగిన కాగితం అదొక్కటే. ఉజాకి గారు అడిగి ఉండకపోతే అదీ ఉండేది కాదు.

‘పదకొండు సార్లు. దాటినవారు ఆరుగురు’ అని రాశారు. సిరా ఆరేదాకా ఆమే పట్టుకున్నారు.